వీపున టిక్కీ ఉన్నవాణ్ణి పిలవకూడదు

దర్శి దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో సిద్దికా డేటాబేస్ చూస్తుంది. పొదిలి నుంచి రోజూ బస్సులో వచ్చే ఆమెను బంధువులు "కంప్యూటర్ల డాక్టరమ్మ" అంటారు. ఆమె కాదనదు. రోగి ఇంతవరకూ నాలుక చూపించలేదని మాత్రం చెబుతుంది.

ఈ ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మింది. గేటు బయట పదకొండు లారీల నిండా టిక్కీలు, అంటే మిర్చి మూటలు. స్లిప్పు రానిదే లారీ లోపలికి రాదు. స్లిప్పులిచ్చే సర్వరేమో కదలదు. తడిస్తే సరుకంతా బూజే.

"స్లిప్పులు రాయడానికి సర్వర్లో నలభై ప్రాసెసులు పెట్టావుగదమ్మా, ఒక్కటీ పని చెయ్యదే!" అన్నాడు మేనేజరు లక్ష్మీకాంత్.

సిద్దికా సర్వర్లోకి తొంగి చూసింది. నలభై ప్రాసెసులూ చేతిలో స్లిప్పు కింద పెట్టి, "ఇంత మెమరీ వాడాను, ఇన్ని స్లిప్పులిచ్చాను" అని పరమ వినయంగా జవాబు చెబుతున్నాయి. సెకనుకోసారి. ఒక జవాబు ముగిసేలోపు ఇంకో ప్రశ్న. ఈ ప్రశ్నల రాక్షసి ఎవరా అని వెతికితే, ప్రశ్నలడిగే ప్రోగ్రాం పైన రాసినవారి పేరుంది: సిద్దికా. మేనేజరు గదిలో గోడ తెర మీద అంకెలు తాజాగా ఉండాలని నిరుడు తనే రాసింది. అందుకు శాలువా కూడా కప్పించుకుంది.

లేచి బయటికొచ్చింది. పొద్దున్నే స్లిప్పు దొరికిన ఒకే ఒక్క లారీ దగ్గర హమాలీ మేస్త్రి పీరు టిక్కీ మోస్తున్నాడు.

"పీరు మామూ, ఎన్ని దిగాయి?"

పీరు పలకలేదు. టిక్కీ దించాడు, స్తంభం మీద సుద్దతో గీత గీశాడు, అప్పుడు తిరిగాడు.

"ఏమ్మాయ్, బుద్ధుందా? వీపున టిక్కీ ఉన్నోణ్ణి పిలుస్తారా? నడుం పట్టేస్తే నువ్వు మోస్తావా? గీతలున్నాయిగా, చదువుకున్నదానివేగా, ఎంచుకో!"

అక్షింతలు పడ్డ చోటే ఆమెకు ఉపాయమూ దొరికింది. గంటలో ప్రోగ్రాం మార్చింది. ఇక ఎవరూ ఎవరినీ ఆపి అడగరు. ప్రతి ప్రాసెసూ పని దించాక, అందరికీ కనిపించే మెమరీలో తన చోట తన గీత గీస్తుంది. బయట ఎన్ని లారీలు మిగిలాయి లాంటి వివరం కావాలంటే గోడ తెర చీటీ పెట్టాలి. చేయి ఖాళీ అయ్యాక జవాబు. ఈలోగా పాత జవాబే, దాని టైముతో సహా.

స్లిప్పులు జలజలా రాలాయి. లారీలు కదిలాయి.

లక్ష్మీకాంత్ తన గదిలోంచి అరిచాడు. "ఏంటమ్మా ఇది! తెర మీద గేటు బయట పదకొండు లారీలు, వాచ్‌మన్ బుల్లయ్య ఫోన్లో ఒక్కటేనంటాడు! తప్పు చూపిస్తోంది!"

"తప్పు కాదండీ. పావుగంట కిందటి నిజం."

"మరి ఇప్పటి నిజం?"

"కిటికీలో ఉందండీ."

ఏడాదిగా ఆ తెర తప్ప మరేదీ చూడని మనిషి లేచి కిటికీ తీశాడు. చివరి లారీ షెడ్డు కిందికి వస్తోంది. దాని వెనక, ఖాళీ నేల మీద, చినుకులు మొదలయ్యాయి.