గేటు దాటిన అక్క

పందుల రక్తం పరీక్షించే ల్యాబులో ఆవిడ ఉద్యోగం. పందులకొచ్చే జ్వరాల్లో రెండు పైకి అచ్చం ఒకేలా ఉంటాయి: ఎర్రబడ్డ చెవులు, తూలే నడక. మొదటిదానికి టీకా ఉంది. రెండోదానికి ఏ మందూ లేదు; వస్తే దొడ్లోని పందులన్నిటినీ చంపి గోతిలో పూడ్చాల్సిందే. ఏది ఏదో తేల్చాల్సింది ఆవిడే.

ల్యాబువాళ్లు పందుల దొడ్లోకి అడుగుపెట్టకూడదు. చెప్పుకంటిన క్రిమి చాలు, కొంప ముంచడానికి. అందుకే సొంత తమ్ముడు పందులు పెంచుతున్నా, ఆవిడ ఇన్నేళ్లూ గేటు బయటే నిలబడి కబుర్లాడేది. మరదలు టీ గ్లాసు కమ్మీల సందులోంచి అందించేది.

"జైల్లో ఉన్నది నువ్వో మేమో తెలీట్లేదు వదినా!" అని నవ్వేది.

ఒకరోజు తమ్ముడి పందులే మేత ముట్టలేదు. రక్తం ల్యాబుకు పంపి, ఫోన్ చేశాడు.

"చెవులు కొంచెమే ఎర్రబడ్డాయక్కా. టీకా ఉన్న జ్వరమే అయ్యుంటుంది."

"చెవులు చూసి చెప్పేదైతే నాకు జీతమెందుకురా?" అని కసిరింది.

మర్నాడు సాయంత్రం వచ్చింది. మరదలు అలవాటుగా టీ గ్లాసుతో గేటు దగ్గరికి నడిచింది. ఆవిడ గ్లాసు అందుకోలేదు. గేటు గొళ్లెం తీసి లోపలికి వచ్చేసింది.

తమ్ముడు ఆవిడ చెప్పుల వంక చూశాడు. జబ్బు పేరు అడగలేదు.

"కూర్చో అక్కా," అంటూ కుర్చీ లాగాడు.