మావయ్యకు వేసిన గొట్టం

సూదులు గుచ్చీ గుచ్చీ చేతులు కమిలిపోయిన కాన్సర్ రోగులను ఆ నర్సు దగ్గరికే పంపేవారు. మోచేతికి పైన రక్తనాళంలోంచి సన్నటి గొట్టాన్ని పంపి, దాని కొనను సరిగ్గా గుండె గుమ్మం దగ్గర నిలపడం ఆమె పని. ఇవతలే ఆగితే రక్తనాళం పూడుకుపోవచ్చు. మరీ లోపలికి పోతే గుండె లయ తప్పవచ్చు.

ఒకరోజు ఆమె ముందున్న మంచం మీదికి ఆమె మేనమామే వచ్చి పడుకున్నాడు. దర్జీ. తల్లి పోయాక ఆమెను పెంచి పెద్దచేసింది ఆయనే.

"సొంతవాళ్లకు చెయ్యడం కష్టమమ్మా. నేను వేస్తాలే," అన్నాడు డాక్టరు.

"వద్దు బాబూ, మా అమ్మడే వెయ్యాలి. చిన్నప్పుడు దాని గౌన్లన్నీ నేనే కుట్టాను. ఇప్పుడు నన్ను అది కుట్టనీండి," అన్నాడు మావయ్య.

డాక్టరు పక్కనే నిలబడ్డాడు.

ఆమె చేతి నుంచి మెడ ఎముక దాకా, అక్కణ్నుంచి పక్కటెముకల మీదికి టేపు పెట్టి కొలిచింది.

"టేపు వదులుగా పట్టావే! అలా కుడితే జబ్బల దగ్గర జారిపోతుంది."

ఆమె నవ్వి టేపు బిగించింది. టేపు కింద ఎముకలు తప్ప మనిషి లేడు.

గొట్టం సాఫీగానే దిగింది. కొన గుండెకు దగ్గరయ్యేకొద్దీ తెరమీద గుండె కొట్టుకోవడాన్ని చూపే గీతలో మొదటి చిన్న గుబ్బ ఎత్తు పెరగాలి. కొలిచినంతా లోపలికి వెళ్లినా అది ఉలకలేదు, పలకలేదు. డాక్టరు మావయ్య మెడ మీద స్కాన్ పెట్టి చూశాడు.

"పైకి ఎక్కిందమ్మా, మెడలోకి."

"పొగరు తలకెక్కినట్టుందే దానికి!" అన్నాడు మావయ్య.

డాక్టరు చేతితొడుగులు అందుకోబోయాడు. ఆమె వద్దన్నట్టు తలూపి, గొట్టాన్ని కొంత వెనక్కి లాగింది.

"మావయ్యా, గడ్డం నా వైపు తిప్పి భుజానికి ఆనించు. ఊపిరి మామూలుగా తీసుకో."

అలా మెడ మడిస్తే పైకి పోయే దారి మూసుకుంటుంది. మళ్లీ మెల్లగా తోసింది. గుబ్బ లేచింది. ఇంకా లేచింది. మరికాస్త తోయగానే కిందికి వంగింది. అంటే కొన గుమ్మం దాటింది. వెనక్కి లాగి, గుబ్బ నిండుగా నిలిచినచోట ఆపి, గొట్టాన్ని బిగించింది. ఎక్స్‌రేలోనూ సరిగ్గానే ఉంది.

కొన్ని నెలలు ఆ దారినే మందు వెళ్లింది. జబ్బు కాస్త తగ్గుముఖం పట్టి, మావయ్య మళ్లీ కుట్టు మిషను ముందు కూర్చున్నాడు. ఆ తర్వాత జబ్బు తిరగబెట్టింది. ఒక మధ్యాహ్నం వార్డులోనే ఆయన కన్నుమూశాడు.

"ఇంకెవరైనా తీస్తారులే," అన్నాడు డాక్టరు. ఆమె వినిపించుకోలేదు. బతికున్నవాళ్లకు తీసినట్టే జాగ్రత్తగా గొట్టం తీసి, ఆ చోట దూది పెట్టి నొక్కి పట్టుకుంది. రావడానికి నెత్తురేమీ లేదు.

చాలాసేపటికి డాక్టరు ఆమె భుజం తట్టాడు.

"ఇక చాలమ్మా."

"ఇంకాసేపు, సార్," అంది ఆమె.