నాయనా, నియాన్ చేపల లెక్కా

మా నాయన ముప్పై ఏళ్లకు పైగా బస్సు కండక్టరు. తిరుపతి నుంచి చిత్తూరుకు, చిత్తూరు నుంచి తిరుపతికి. ఆ రెండు ఊళ్ల మధ్యలో తప్ప ఇంకెక్కడా కాలు పెట్టిన పాపాన పోలేదు. రిటైరయ్యాక తిరుపతిలోనే ఉన్న నా దగ్గరికి వచ్చేశాడు. ఇంట్లో ఈల లేదు, గంట లేదు, ఎవరినీ ముందుకు తోసే వీలు లేదు. వచ్చిన మొదటి వారంలోనే వంటింటి గడపలో నేనూ మా ఆయనా ఎదురెదురైతే, "జరగండి జరగండి, లోపల ఖాళీ ఉండాది" అన్నాడు. అలవాటు అంత తొందరగా పోతుందా!

నాయనకు కాలక్షేపంగా ఉంటుందని చేపల తొట్టి పెట్టానని అందరితో చెబుతాను. అబద్ధం. అది నా సరదా. నేను యూనివర్సిటీలో గుమాస్తాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఫైళ్లు చూసిన కళ్లకు కాస్త పచ్చదనం కావాలనిపించింది. మూడడుగుల గాజు తొట్టి, అడుగున నల్లమట్టి, వెనక పొడుగాటి ఆకుల నీటి మొక్కలు, ముందు వైపు పొట్టి గడ్డి. ఆ మొక్కల మధ్య గుంపుగా తిరిగే నియాన్ చేపలు. ఒక్కొక్కటి వేలి కొసంత ఉంటుంది. ఒంటి మీద నీలం గీత, తోక వైపు ఎరుపు. ఒకటి పక్కకు తిరిగితే అన్నీ తిరుగుతాయి, ఒకటి బెదిరితే అన్నీ బెదురుతాయి. అచ్చం మా ఆఫీసు సిబ్బందే అనుకోండి.

మొదట్లో నాయనకు ఆ తొట్టి అంటే వెటకారం. మా బోరు నీళ్లు పోసిన బకెట్టుకల్లా తెల్లటి పూత పడుతుంది కాబట్టి, చేపలకు క్యాన్ నీళ్లు కలిపి పోసేదాన్ని. "మనుషులకు బోరు నీళ్లు, సేపలకు క్యాన్ నీళ్లు. బాగుండాది పాపా నీ సంసారం" అనేవాడు. నేను కత్తెర పట్టుకుని మొక్కలు కత్తిరిస్తుంటే పక్కన నిలబడి, "ఆ గడ్డి ఒగ ఆవుకన్నా పనికొచ్చునే! దానికి కటింగు ఒగటి" అని నిట్టూర్చేవాడు. నేనేం తక్కువ తిన్నానా? "నీ తలకు కటింగు చేసి నెలయింది, ముందు దాని సంగతి సూడు నాయనా" అనేదాన్ని.

ఆ తర్వాత ఎప్పుడు మనసు మారిందో తెలియదు. ఒకరోజు పొద్దున నేను లేచి వచ్చేసరికి తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గదిలో లైటు లేదు, తొట్టిలో లైటూ లేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. జపం చేస్తున్నాడేమో అనుకున్నాను. చేపల్ని లెక్కపెడుతున్నాడు.

"లైటేయకముందే లెక్కబెట్టాల పాపా. అవి నిద్ర లేచినాక ఒగసోట నిలబడవు. మా బస్సులోనూ అంతే. తెల్లారుజామున అందరూ తూగతా ఉన్నప్పుడే తలకాయలు లెక్కబెట్టుకోవాల. మేలుకున్నారంటే ఒగడు సీటు మారతాడు, ఇంగొగడు బ్యాగు కోసం వంగతాడు."

ఆయన అన్నది నిజమే. రాత్రంతా చీకట్లో ఉన్న నియాన్ చేపలు పొద్దున రంగు వెలిసిపోయి, ఎక్కడివక్కడ నిలబడి ఉంటాయి. లైటు వేసిన కొంతసేపటికి గానీ నీలం గీత తిరిగి రాదు. నేను నెలల తరబడి పెంచుతూ గమనించని సంగతి ఆయన కుర్చీలో కూర్చుని కనిపెట్టేశాడు. నాకు కొంచెం మండింది కూడా.

ఇక అసలు సంగతికొస్తాను. నాయనకు చిత్తూరులో ఒక అక్క ఉంది, మా మేనత్త. కొడుకు దగ్గర ఉంటుంది. కొన్నేళ్లుగా ఆమెకు మతిమరుపు. మమ్మల్నెవరినీ గుర్తుపట్టదు. నాయన నెలకోసారి బస్సెక్కి, కారం బొరుగుల పొట్లం పట్టుకుని వెళ్లి, ఒక పూట ఆమె పక్కన కూర్చుని తిరిగి వచ్చేవాడు. ఎవరినీ వెంట రానిచ్చేవాడు కాదు. అలా ఒకసారి వెళ్లి వస్తూ తిరుపతిలో దిగాల్సిన మనిషి చంద్రగిరిలో దిగేశాడు. అక్కడి నుంచి ఫోను చేసి, "ఈడ మన ఇంటికి పొయ్యే సందు కనపడలేదు పాపా" అన్నాడు. మా ఆయన బండి మీద వెళ్లి తీసుకొచ్చాడు.

ముప్పై ఏళ్లు "చంద్రగిరి, చంద్రగిరి" అని గొంతు చించుకున్న మనిషి చంద్రగిరిని తిరుపతి అనుకుంటాడా? అడిగితే, "టీ తాగేదానికి దిగినా, అంతే" అని మొండికేశాడు. సందు కనపడలేదన్న మాట ఎత్తితే వినపడనట్టు పేపరు తిరగేశాడు. ఇకనుంచి ఒంటరిగా బస్సెక్కేది లేదని చెప్పేశాను. అలిగాడు. రెండు పూటలు మజ్జిగన్నంతో సరిపెట్టాడు. మూడో పూట పప్పు వాసనకు కరిగాడు గానీ అక్క దగ్గరికి పోవాలనే పట్టు మాత్రం విడవలేదు.

అప్పుడు నాకొక తెలివితేటల ఉపాయం తట్టింది. "సరే నాయనా. పది దినాలు వరసగా సేపల్ని తప్పు లేకుండా లెక్కబెట్టు. ఒంటరిగానే పంపిస్తా" అన్నాను. ఆ చేపల్ని లెక్కపెట్టడం మానవమాత్రుల వల్ల కాదని నా ధీమా. నేనెప్పుడూ పదకొండు దాటింది లేదు, ఈలోపు గుంపు మొక్కల వెనక్కి వెళ్లిపోయేది. కాదు అని నోటితో చెప్పకుండానే కాదనిపించే పందెం అది. ఆఫీసులో నేర్చుకున్న విద్య.

మొదటిరోజు పొద్దున వచ్చి, "ఇరవై మూడు" అన్నాడు.

"ఇరవై నాలుగు నాయనా. ఒగటి యాడో వదిలేసినావు."

"అట్లనా? సరే, రేపు సూస్తాం" అని నవ్వాడు. "చెకింగు మేడం శానా స్ట్రిక్టు" అని మా ఆయనకు కన్ను కొట్టాడు.

రెండోరోజూ ఇరవై మూడే. మూడోరోజు కళ్లద్దాలు తుడిచి, ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకు ఒకసారి లెక్కపెట్టి ఇరవై మూడన్నాడు. నేను కాఫీ కలుపుతూ తల కూడా తిప్పకుండా "ఇరవై నాలుగు" అన్నాను. అయిదోరోజుకు ఆయన కన్ను కొట్టడం మానేశాడు. ఏడోరోజు నేను లేచేసరికి అప్పటికే చాలాసేపటి నుంచి కూర్చుని ఉన్నట్టున్నాడు, కాళ్లు వాచాయి. సాయంత్రాలు కూడా తొట్టి ముందే. ఇడ్లీ నాలుగు తినే మనిషి రెండుతో లేచిపోతున్నాడు. మళ్లీ అలిగాడు కాబోలు అనుకున్నాను. అలకకు లొంగితే ఎట్లా అని నేనూ బిగుసుకున్నాను. బుద్ధి ఉన్నదాన్ని అయితే ఆయన ముఖం వైపు ఒకసారి సరిగ్గా చూసేదాన్ని.

తొమ్మిదోరోజు వంటింటి గడప దగ్గర నిలబడి, నా వైపు చూడకుండా, "ఇరవై నాలుగేలే" అన్నాడు.

"ఆ, ఇప్పుడొచ్చినావు దావకు" అన్నాను గెలిచినదానిలా.

పదోరోజు ఆదివారం. తొట్టి నీళ్లలోకి గాలి కొట్టే మోటారు ప్లగ్గు మాడిందని మా ఆయన తొట్టి స్టాండును గోడ నుంచి ముందుకు జరిపాడు. "ఇదేంది మే?" అని పిలిచాడు. స్టాండు వెనక, గోడ వారన, ఎండి వంకర తిరిగిన చిన్న పుల్లలాంటిది. చుట్టూ చీమలు. వేలితో తిప్పి చూస్తే నియాన్ చేప. మూత పక్కన వైరు కోసం వదిలిన సందులోంచి ఎప్పుడో దూకేసింది. ఎండిన తీరు చూస్తే వారాలు అయినట్టుంది.

అంటే పందెం మొదలైననాటికే ఉన్నవి ఇరవై మూడు.

నేను ఇరవై నాలుగని ఎలా అన్నాను? కొన్నప్పుడు చేపల అంగడాయన ఇరవై నాలుగు లెక్కపెట్టి కవరులో వేశాడు కాబట్టి. ఆ తర్వాత నేను ఒక్కసారి కూడా చివరిదాకా లెక్కపెట్టలేదు. తొమ్మిది రోజులు కాఫీ కలుపుతూ తీర్పులు చెప్పాను.

ఎండిన చేపను కాగితం మీద పెట్టుకుని తీసుకెళ్లి నాయనకు చూపించాను. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. కుర్చీలో కూలబడి పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే పైపంచెతో కళ్లు తుడుచుకున్నాడు. "నువ్వు టికెట్లు లెక్కబెట్టినావు పాపా. నేను తలకాయలు లెక్కబెట్టినా" అన్నాడు. ఆ రోజు ఇడ్లీలు ఆరు తిన్నాడు.

మాట ప్రకారం మరుసటి ఆదివారం బస్టాండుకు తీసుకెళ్లాను. చిత్తూరు బస్సు ఇంకా కదలలేదు. ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు, నేను కింద నిలబడ్డాను. చంద్రగిరిలో టీ తాగొద్దని ఆటపట్టించాను. నవ్వలేదు.

"మా అక్కకు మొదట పోయింది లెక్కే పాపా" అన్నాడు. "మనుషులు కాదు, పేర్లు కాదు. తట్టలో ఎన్ని ఇడ్లీలు పెట్టిందో ఆమెకే తెలీకుండా పాయ. మిగతావన్నీ తరవాత పోయినాయి. అందుకే నేను దినామూ పొద్దున్నే సేపల్ని లెక్కబెట్టుకుంటా. ఆ తిరిగేవాటిని లెక్కబెట్టగలిగితే నాకింకా ఏం కాలేదని ఒగ ధైర్యం." ఒళ్లోని బొరుగుల పొట్లం సర్దుకుని, "నువ్వు దినామూ తప్పు తప్పు అంటా ఉంటే, నా పనీ అయిపాయ అనుకుంటి" అన్నాడు.

అంతమంది జనంలో నిలబడి ఏడ్చేశాను. తొమ్మిది పొద్దులు ఆ మనిషిని చంపుకు తిన్నాను కదా అని నా మీద నాకే అసహ్యం వేసింది. కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటికి పెట్టి నా తల నిమిరి, "పో పో, ఎండగా ఉండాది" అన్నాడు. బస్సు వెళ్లిపోయింది. సాయంత్రం సరిగ్గా తిరుపతిలోనే దిగి, బొరుగులు పట్టుకుపోయిన ఖాళీ సంచి ఊపుకుంటూ ఇంటికొచ్చాడు.

ఆనాటి నుంచి ఆయనకన్నా ముందే లేచి, లైటు వేయకుండా నేనూ లెక్కపెడుతున్నాను. నేర్చుకుంటే వచ్చేదే. ఆయన వచ్చి ఇరవై మూడంటాడు, నేను సరిపోయిందంటాను. ఆ తర్వాత కాఫీ.

మొన్న ఒక చేప జబ్బు చేసి చచ్చిపోయింది. వలతో నేనే తీశాను. నాయనే మల్లెచెట్టు కుండీలో వేలితో గుంత చేసి పూడ్చాడు. "ఇంగ ఇరవై రెండు" అని ఆయనే అన్నాడు. మరుసటి రోజు పొద్దున నేను లెక్కపెట్టాను. ఇరవై రెండు. నాయన వచ్చి కూర్చున్నాడు. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు లెక్కపెట్టాడు. తృప్తిగా తలాడించాడు.

"ఇరవై మూడు" అన్నాడు.

నేను మళ్లీ లెక్కపెట్టాను. ఇంకోసారి లెక్కపెట్టాను. మల్లెచెట్టు వైపు చూశాను. ఆయన నా మాట కోసం ఎదురుచూస్తూ నవ్వు ముఖంతో ఉన్నాడు.

"సరిపోయింది నాయనా" అన్నాను.

ఆఫీసు నుంచి తిన్నగా చేపల అంగడికి పోయాను. ఒక్క నియాన్ చేప కావాలన్నాను. అంగడాయన వల పట్టుకుని నా వైపు వింతగా చూశాడు. "ఒగటి అమ్మేది లేదు మేడం. గుంపులో ఉంటేనే బతుకుతాది ఇది. ఆరన్నా తీసుకోండి" అన్నాడు.

"ఇంట్లో ఇరవై రెండు ఉండాయప్పా" అన్నాను. "ఒగటే తక్కువ."