రెప్పపడిన ఫోటోలు

మా బావకు పెద్దవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, సంతకం చేసేటప్పుడు తప్ప దానితో ఎవరికీ పనిపడదు. ఊరంతా ఆయన్ను ‘నవ్వకండి’ అంటుంది. ఆయన స్టూడియో ‘నవ్వకండి స్టూడియో’. బోర్డు మీద వేరే పేరేదో ఉండేదట. ఎండకు వెలిసిపోయింది. చదివినవాడు లేడు కాబట్టి బాధపడినవాడూ లేడు.

ఆ పేరు రావడానికి కారణం పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు. మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం పైకెత్తి, భుజం సరిచేసి, కెమెరా వెనక్కి వెళ్ళి, దొంగను పట్టుకున్న పోలీసు గొంతుతో “నవ్వకండి!” అనేవాడు. అప్పటిదాకా నవ్వాలన్న ఊహే లేనివాడికి సైతం అది వినగానే కితకితలు పుట్టేవి. అప్పుడు మా అక్క రంగంలోకి దిగేది. కెమెరాకు ఎడమపక్కన వెలుతురు పడేందుకు తెల్ల అట్ట పట్టుకుని నిలబడటం ఆవిడ పని. “ఆయన మాటకేం గానీ, మీరిటు చూడండి,” అనేది. వాళ్ళు అటు చూసేవారు. బావ బటన్ నొక్కేవాడు.

అందుచేత మా ఊరివాళ్ళ పాత ఫోటోలు తీసి చూడండి, ఒక్కరూ సూటిగా కెమెరాలోకి చూడరు. అందరి చూపూ రవ్వంత పక్కకి ఉంటుంది. వాళ్ళందరూ చూస్తున్నది మా అక్కనే.

ఊరందరినీ ఇటు చూడమన్న మనిషికి ఒకటే లోపం. ఫ్లాష్ వెలిగిందంటే రెప్పలు మూతపడేవి. పెళ్ళి ఫోటోలో కళ్ళు మూసుకునే ఉంది. కూతుర్ని ఎత్తుకున్న ఫోటోలోనూ అంతే. “పోనీలే, నీ కళ్ళు నాకు తెలీవా ఏంటి, తీరిగ్గా గీసేస్తాలే,” అనేవాడు బావ. అది ఆయన విద్య. రెప్పపడిన ఫోటోలకు సన్నటి కుంచెతో కళ్ళు తెరిపించేవాడు. ఎంత బాగా తెరిపించేవాడంటే, ఫోటోలో మెలకువగా కనబడే మా పెదనాన్న నిజానికి ఆ పూట స్టూలు మీదే కునుకు తీస్తున్నాడు.

ఊళ్ళో వాళ్ళందరి కళ్ళూ తెరిచాడు గానీ, ఇంట్లో మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆ తీరిక రాలేదు. ఈలోగా అక్క జ్వరంతో ఆస్పత్రికి వెళ్ళింది. తిరిగి రాలేదు.

ఆ తర్వాత బావ కుంచె పట్టుకుని అక్క ఫోటో ముందు చాలాసార్లు కూర్చున్నాడు. గీయలేకపోయాడు. “గుర్తు రావట్లేదురా,” అన్నాడు నాతో, తాళం చెవి పోగొట్టుకున్నవాడిలా జేబులు తడుముకుంటూ. “మాట గుర్తుంది, నడక గుర్తుంది. కళ్ళు మటుకు ఎంత తలుచుకున్నా రావట్లేదు.” ఆ కుంచెను డబ్బాలో పెట్టి మూతపెట్టాడు. కళ్ళు మూసుకున్న ఫోటోనే కౌంటర్ పైన గోడకు తగిలించాడు. షాపులోకి వచ్చినవాళ్ళు దాన్ని చూసి, పడుకున్నవాళ్ళను లేపకూడదన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడేవారు.

ఇంకో సంగతి. తెల్ల అట్ట పట్టుకునే చోట ఇప్పుడెవరూ నిలబడటం లేదు. ఇటు చూడండి అనేవాళ్ళూ లేరు. అయినా ఫోటోల్లో జనం అటే చూస్తున్నారు. అలవాటైపోయిందేమోలే అనుకున్నాను. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళకు అలవాటేమిటని అప్పుడు తోచలేదు.

అదిగో, ఆ రోజుల్లో వచ్చిపడింది డిజిటల్ గొడవ. ఎదురు వరసలో కొత్త షాపు తెరిచారు. అక్కడ ఫోటో తీయగానే తెర మీద చూపిస్తారు. నచ్చకపోతే మళ్ళీ తీస్తారు. ఇక్కడేమో ఫిల్ము కడిగి, ఆరబెట్టి, ప్రింటు వేసి, రేపు రండి ఎల్లుండి రండి అనాలి. ఫోటో కాగితం సరఫరా చేసే ఆయన ఇకమీదట తెప్పించలేనని చెప్పేశాడు. మా మేనకోడలు, అంటే బావ కూతురు, చదువు అయ్యాక షాపులోనే కూర్చుంటోంది. దాని నోటికి అడ్డూ ఆపూ లేదు.

“నాన్నా, డిజిటల్ కెమెరా కొంటావా, లేకపోతే నన్ను ఎదురుషాపులో పనికి చేరమంటావా?”

“చూద్దాంలేవే.”

“నువ్వు చూసేలోపల జనం నిన్ను చూడటం మానేస్తారు. మామయ్యా, నువ్వైనా చెప్పు. కొనకపోతే షాపు మూసుకోవడమే.”

నేను ఫ్రిజ్‌లు బాగుచేసేవాణ్ణి. ఎవరి ఇంట్లో ఏది చల్లబడకపోయినా నాకు చెప్తారు. మా మేనకోడలు మాత్రం వేడి తగ్గని మనుషుల్ని కూడా నాకే అప్పజెబుతుంది. సరే, ఆ సాయంత్రం వెళ్ళి బావకు నచ్చజెబుదామనుకున్నాను.

అదే రోజు మధ్యాహ్నం ఒక ఇంట్లో ఫ్రిజ్ పనిబడింది. ఆ ఇంటావిడ మంచినీళ్ళు తేవడానికి లోపలికెళ్ళింది. నేను ఎదురుగా ఉన్న చిన్నబల్ల మీద కాళ్ళు బారజాపి కూర్చున్నాను. ఎందుకో ఉన్నట్టుండి కాళ్ళు దించేశాను. చొక్కా గుండీ కూడా పెట్టుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఇదేమిటని తలెత్తితే, గోడమీద ఒక ముసలావిడ ఫోటో. మొహం ఎవరిదో. కళ్ళు మా అక్కవి.

పోలిక అనుకుంటారేమో. మా అక్క ఎడమకంటి రెప్ప కొంచెం బద్ధకంగా వాలి ఉండేది. కుడికంటి తెల్లగుడ్డులో చిన్న నల్లచుక్క. తిట్టబోతూ నవ్వు ఆపుకుంటున్న చూపు. నేను చిన్నప్పటినుంచీ ఆ చూపుకు కాళ్ళు దించినవాణ్ణే. కాళ్ళకు తెలిసింది, నాకే తెలియలేదు.

“మా అత్తగారండీ,” అంది ఆవిడ గ్లాసు అందిస్తూ. “పోయిన ఏడాది తీయించాం. ఫ్లాష్ పడితే రెప్ప వేసేసేది పాపం. మీ బావగారు ఎలా తెరిపించారో గానీ, చూడండి, మనల్ని ఎలా కనిపెడుతోందో!”

పోయిన ఏడాది. అక్క పోయి అప్పటికి చాలా కాలమైంది.

నీళ్ళు తాగడం మరిచిపోయి గ్లాసు తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టానట. ఆవిడ ఆ ముచ్చట తర్వాత వీధిలో అందరికీ చెప్పింది.

తిన్నగా స్టూడియోకి వెళ్ళాను. “బావా, కళ్ళు గుర్తు రావట్లేదన్నావు. ముసలావిడ ఫోటోలో అచ్చం దింపేశావుగా!”

 బావ కౌంటర్ దగ్గర ఉన్న కూతురి వంక చూసి, నా చెయ్యి పట్టుకుని డార్క్‌రూమ్‌లోకి లాక్కెళ్ళి తలుపేశాడు.

“నేను గీయలేదురా.”

“మరెవరు గీశారు?”

“కుంచె డబ్బాలోనే ఉంది. చూసుకో.”

ఎర్రబల్బు వెలుగులో ఒక నెగెటివ్ ఎత్తి చూపించాడు. ఎవరో బస్సు డ్రైవరు. రెప్పలు రెండూ మూసుకుని ఉన్నాయి, నా కళ్ళతో నేను చూశాను. దాన్ని మిషన్‌లో పెట్టి, కాగితం మీద వెలుతురు పడనిచ్చి, ఆ తెల్ల కాగితాన్ని మందునీళ్ళ ట్రేలో వేశాడు. ట్రేను ఒక అంచున పట్టుకుని మెల్లగా ఊపుతున్నాడు. పసిపిల్లను ఉయ్యాల ఊపినట్టుంది.

ముందు జుట్టు వచ్చింది. తర్వాత మీసం, చొక్కా కాలరు. ఆ తర్వాత మొహం తేలింది. కళ్ళు మూసుకునే ఉన్నాయి.

“ఇంతేగా,” అన్నాను. 

“ఆగు.”

నీళ్ళు సద్దుమణిగాయి. రెప్పల కింద ఒక నీడ కదిలినట్టయింది. కాగితం నల్లబడుతోందనుకున్నాను. ఎడమకన్ను బద్ధకంగా, కుడికన్ను పూర్తిగా, చాలాసేపు పడుకుని లేచినవాళ్ళు తెరిచినట్టు తెరుచుకున్నాయి. కుడికంటిలో చుక్క. ఆ చూపు నామీద లేదు. నా పక్కన నిలబడ్డ బావ మీద ఉంది.

నేను ఒక్క అడుగు వెనక్కి వేశాను. వెనక ఫోటోలు కడిగే హైపో మందు ట్రే ఉంది. అందులో కూర్చున్నాను.

తడిసిన ప్యాంటుతో బయటికి వస్తే, ఫోటో కోసం వచ్చిన కుటుంబమంతా నా ప్యాంటు వంక చూసి మర్యాదగా చూపు తిప్పుకున్నారు. “హైపో అండీ, హైపో!” అన్నాను. అదేదో జబ్బనుకున్నట్టున్నారు. ఒకాయన పాపం, జాగ్రత్తగా ఉండండి అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక బావ నా పక్కన కూర్చున్నాడు.

“రెప్పపడిన ప్రతి ఫోటోకీ ఇంతే. మీ అక్క వస్తోంది. డిజిటల్ కొంటే ఎవరికైనా రెప్ప పడగానే మళ్ళీ తీస్తాం. అసలీ గదితోనే పనుండదు. తలుపుకి తాళం వెయ్యాలి. ఇంకెక్కడ చూడన్రా ఆ కళ్ళు?”

నచ్చజెప్పడానికి వచ్చినవాణ్ణి బావ వైపు తిరిగిపోయాను. మేనకోడలితో “కొన్నాళ్ళు ఆగవే,” అన్నాను. “నిన్ను పంపించడం నాదే బుద్ధితక్కువ. మాట నెగ్గకపోగా ప్యాంటు తడిపించుకొచ్చావు,” అంది అది.

కొన్నాళ్ళు ఆగాల్సిన పని లేకుండానే లైబ్రరీలో పనిచేసే ఆవిడ వచ్చింది. నెమ్మదస్తురాలు. గుర్తింపు కార్డు కోసం తీయించుకున్న ఫోటోలు కవరులోంచి తీసి కౌంటర్ మీద పెట్టింది.

“ఇవి వెనక్కి తీసుకోండి మాస్టారూ.”

“బాలేదామ్మా?”

“బాగానే ఉంది. నేను కాదంతే. ఇంట్లో పెడితే మావాడు ఆ గదిలోకి రానంటున్నాడు. అమ్మ మొహంలోంచి ఇంకెవరో చూస్తున్నారు అంటాడు.” కవరును వేలితో ముందుకి జరిపింది. “తప్పుగా అనుకోకండి. భయం కూడా కాదండీ. ఈ కళ్ళు చాలా అలిసిపోయి ఉన్నాయి. నిలబడీ నిలబడీ కాళ్ళు లాగేస్తున్న మనిషి కళ్ళలా ఉన్నాయి. ఎవరైనా కాస్త కూర్చోమంటే బాగుండు అన్నట్టు చూస్తున్నాయి. నాకు చూడబుద్ధి కావట్లేదు.”

డబ్బులు వద్దని, కవరు వదిలేసి వెళ్ళిపోయింది.

బావ ఆ ఫోటోను దీపం కింద పెట్టుకుని చాలాసేపు చూశాడు. నేనూ వంగి చూశాను. ముసలావిడ ఫోటోలో తిట్టబోతున్న నవ్వు ఉంది. ఇందులో తిట్టే ఓపిక లేదు.

“నిజమేరా,” అన్నాడు బావ. “ఉన్నన్నాళ్ళూ ఆ అట్ట పట్టుకుని నిలబడే ఉంది. ఒక్కనాడు కూర్చోమన్నది లేదు. పోయాక కూడా ఊళ్ళో ప్రతివాడి గోడకీ నిలబెట్టాను. నేను చూసుకోవాలని మీ అక్కకి సెలవు లేకుండా చేశాను.”

“ఏం చేద్దామంటావు?”

“అమ్మాయిని పిలువు. ఏ కెమెరా కొనాలో దానికే తెలుసు.”

ఇంతకాలం సాధించిన పిల్ల, తీరా నాన్న సరేననేసరికి బిక్కమొహం వేసింది. “నిజంగానేనా? నీకిష్టం లేకపోతే వద్దు నాన్నా,” అంది. ఆడపిల్లలింతే అనబోయి, గోడమీదున్న ఫోటోను చూసి ఊరుకున్నాను.

మిగిలిన కాగితంలో ఒక్కటి మాత్రం బావ దాచుకున్నాడు. అక్క నెగెటివ్ తెచ్చాడు. ఆమె పోయాక దాన్నెప్పుడూ ప్రింటు వేయలేదు. గోడమీదున్నది అంతకుముందు వేసిందే. “అందరి మొహాల్లోనూ తెరిచింది. తన మొహంలో తెరవకుండా ఉంటుందా?” అన్నాడు.  నన్ను లోపలికి రానివ్వలేదు. ప్యాంట్లు నాకు ఎక్కువ లేవు కాబట్టి నేనూ బలవంతపెట్టలేదు.

మేనకోడలూ నేనూ తలుపు బయట నిలబడ్డాం. లోపల ట్రే ఊపుతున్న నీళ్ళ చప్పుడు. అది ఆగింది. ఆగినచోటే చాలాసేపు ఆగిపోయింది. మేనకోడలు నాన్నా నాన్నా అని తలుపు తట్టింది. అప్పుడు వినబడింది నవ్వు. ‘నవ్వకండి’ నవ్వగా నేనెప్పుడూ వినలేదు.

తలుపు తీసి, తడి ఫోటోను క్లిప్పుకు తగిలించాడు. అక్క కళ్ళు మూసుకునే ఉన్నాయి. రెప్పలు బిగుసుకుని లేవు. ఫ్లాష్‌కు ఉలిక్కిపడ్డట్టుగా ఉండే మొహం, ఇప్పుడు మెత్తగా ఉంది.

“పడుకుంది,” అన్నాడు బావ. “చప్పుడు చెయ్యకండి.”

డార్క్‌రూమ్‌లో ఇప్పుడు కంప్యూటరు పెట్టారు. ఎర్రబల్బు తీసేశారు. మేనకోడలు ఫోటో తీస్తుంది, బావ భుజం సరిచేసి అదే పోలీసు గొంతుతో నవ్వకండి అంటాడు, వాళ్ళు నవ్వుతారు. ఎవరైనా రెప్ప వేస్తే తెర మీద వేసినట్టే ఉంటుంది. బావ ఒక క్షణం ఆగి చూస్తాడు. అది తెరుచుకోదు. “మళ్ళీ తీయవే,” అంటాడు. ఇంకో విశేషం, జనం ఇప్పుడు సూటిగా కెమెరాలోకి చూస్తున్నారు. పక్కకి ఎవరూ చూడటం లేదు.

మొన్న ముసలావిడ ఫోటో ఉన్న ఇంట్లో ఫ్రిజ్ మళ్ళీ మొరాయించింది. వెళ్ళగానే గోడవంక చూశాను. కాసేపు నా కళ్ళను నేనే నమ్మలేదు. ఫోటోలో ముసలావిడ కళ్ళు మూసుకుని హాయిగా ఉంది.

“ఫోటో... మార్చారాండీ?” అన్నాను.

“లేదే! అదే ఫోటో. ఏం?”

“కళ్ళు తెరిచి ఉండేది కదా?”

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. గ్లాసు ఫ్రిజ్‌లో పెట్టిన మనిషి కదా, ఇంకేం ఆశిస్తుంది. “భలేవారే! మా అత్తగారికి ఫ్లాష్ పడేది కాదండీ. ఆ ఫోటో మొదట్నుంచీ అంతే,” అంది.

పని చూసుకున్నాను. పనయ్యాక, మంచినీళ్ళు వచ్చేలోగా ఆ చిన్నబల్ల ఎదురుగా కూర్చున్నాను. గదిలో ఎవరూ లేరు. గోడమీద ఎవరూ నన్ను చూడటం లేదు. కాళ్ళు బారజాపుకోవచ్చు.

దించుకునే కూర్చున్నాను.