ముల్లు ఎత్తిన మధ్యాహ్నం

యొకొహామా రేవు వెనక సందులో మాది రికార్డుల కాఫీ హోటలు. అక్కడ ఎవరూ మాట్లాడకూడదు. మా ఆయన తత్సుజో పెట్టిన నియమం అది. చీటీ మీద రికార్డు పేరు రాసిస్తే పెడతాడు. ముల్లు దించాడంటే ఆ వైపు పూర్తయ్యేదాకా ఎత్తడు. గుసగుసలాడారని మా నాన్ననే వానలోకి పంపిన ఘనుడు.

షిగెనో అక్క మా హోటల్లోనే రికార్డులు వింటూ పాట నేర్చింది. యుద్ధం ముగిశాక, పదహారేళ్ళకే, ఇక్కడ దిగిన అమెరికా సిపాయిల క్యాంపుల్లో, అర్థం తెలియని జాజ్ పాటలను మా అక్షరాల్లో రాసుకుని పాడేది. తర్వాత రికార్డులొచ్చాయి, సినిమాలొచ్చాయి. తొమ్మిది సినిమాల్లో బారు గాయనిగా వేస్తే ఏడింట్లో చంపేశారు. చావడంలో తన చెయ్యి తిరిగిందని నవ్వేది.

యాభై రెండో ఏట గొంతులో గడ్డ కోశారు. కోయిల గొంతు కాస్తా గరగరలాడింది. పాడటం మానేసింది.

జూన్ వానల్లో ఒక మధ్యాహ్నం తిన్నగా నా వంటింట్లోకి వచ్చింది. ఒక సినిమాలో ముసలి గాయని వేషం ఇచ్చారట. పాట మాత్రం వేరే అమ్మాయి పాడుతుందట. ఏ సంగతీ ఆ సాయంత్రంలోగా చెప్పాలట.

"నోరు నాది, గొంతు ఇంకొకరిది. ఏడుసార్లు చచ్చినా ఇంత బాధ లేదే," అంది.

నాకు ఒళ్ళు మండింది. "నేనే పాడతానని చెప్పొచ్చుగా అక్కా?"

"వినేవాళ్ళుండాలిగా."

ముందు గదిలోకి వెళ్ళి కూర్చుని, చీటీ మీద తన మొదటి రికార్డు పేరే రాసింది. ఆ పాత గొంతు గదంతా ఆవిరిలా పరుచుకుంది. కిటికీ అవతల వాన, ఎక్కడో ఓడ కూత. ఉన్నామో, కలగంటున్నామో తెలియలేదు. ఆ మైకంలోనే అక్క పెదవులు కదిలాయి. సన్నగా, బొంగురుగా, రికార్డుతో పాటు పాడుతోంది.

మా ఆయన లేచాడు. అక్కను కూడా వానలోకి పంపుతాడేమోనని భయపడ్డాను. ఆయన నేరుగా వెళ్ళి, పాట మధ్యలో ముల్లు ఎత్తేశాడు.

రికార్డులోని ఇరవై రెండేళ్ళ అక్క గొంతు ఆగిపోయింది. బొంగురు గొంతు ఒక్క క్షణం తడబడి, చివరిదాకా పాడింది. నాకు ఏడుపాగలేదు.

నియమం కదా, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రేవులో క్రేను నడిపి రిటైరైన ఇసోబె గారు మాత్రం చీటీ రాసిచ్చారు. మా ఆయన అది చదివి, రికార్డుల వైపు వెళ్ళకుండా అక్క ముందు పెట్టాడు.

"షిగెనో. ఇప్పటి గొంతు."

అక్క కళ్ళు తుడుచుకుని, సినిమావాళ్ళకు చెప్పాలి, ఫోను ఎక్కడుందని పైకే అడిగింది. మా ఆయన వేలితో చూపించాడు.