రెక్కలు బాగుచేసే అమ్మాయి

మా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. హిందీ మాత్రం నాకొక్కదానికే వచ్చు, అదీ అంతంతమాత్రం. కోవిల్‌పట్టిలో బడి వదిలాక సాయంత్రాలు ట్యూషన్‌కి పోయి రెండేళ్ళు నేర్చుకున్నాను. అందుకే తొంభైలలో ఆదివారం మధ్యాహ్నం వచ్చే ఆ హిందీ సీరియల్‌ని ఇంట్లోవాళ్ళకు విప్పిచెప్పే పని నా మీద పడింది. శ్రద్ధగా వినేది మా అత్త ఒక్కతే.

అత్త అంటే నాన్న చెల్లెలు. అప్పటికింకా పెళ్ళి కాలేదు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో చెక్క చట్రాల్లో పుల్లలు పేర్చేది. ఆమె వేళ్ళు కదిలే వేగానికి చూసేవాళ్ళ కళ్ళు తిరిగేవి. వారమంతా వంచిన మెడ ఆదివారం టీవీ ముందు ఎత్తేది.

ఆ సీరియల్‌లో హీరోకి ఇనుప రెక్కలు. మా వీధి పిల్లలు చేటలు వీపుకి కట్టుకుని అతనిలా అరుగుల మీంచి దూకేవాళ్ళు. అత్తకీ నాకూ మాత్రం ఆ రెక్కలు బాగుచేసే అమ్మాయంటే ప్రాణం. ఆమెకి చిన్న రేడియో రిపేరు కొట్టు ఉండేది. విరిగిన రెక్కతో అతను వచ్చి కొట్టు ముందు కూలబడితే, వానలో ఎగరొద్దని ఎన్నిసార్లు చెప్పాలని కసిరి, స్క్రూడ్రైవర్ అందుకునేది.

"లోకాన్ని వాడు కాపాడతాడు, సరి. వాణ్ణి కాపాడేది ఎవురు పాపా?" అనేది అత్త.

సోమవారం పుల్లలు పేరుస్తూ ఆ వారం కథంతా పక్కవాళ్ళకి చెప్పేది. వాళ్ళలో టీవీ ఉన్న ఇళ్ళు తక్కువ. క్రమంగా ఆ అమ్మాయి వాళ్ళందరి మనిషి అయిపోయింది.

ఒక ఆదివారం, ముందు వెనకలు లేకుండా, ఆ అమ్మాయి దొంగల నాయకుడి దగ్గర నగల పెట్టె తీసుకుని రెక్కల రహస్యం చెప్పేసింది. పెట్టె తెరిచి గాజులు వేసుకుని అద్దంలో చూసుకుని నవ్వింది. నాకొచ్చిన హిందీ తప్పేమో అనుకున్నాను. కాదు, ఆ మాటలు మూడో తరగతి పిల్లకైనా అర్థమయ్యేంత తేలిక.

"ఏం చెప్పె? ఏంటికి నవ్వతా ఉండాది?" అని అత్త అడిగింది.

"అది ఆమె కాదత్తా. అదే మొహంతో ఇంకొకతి. అసలామెని గదిలో పెట్టి తాళం వేసినారు" అన్నాను.

ఎందుకన్నానో తెలీదు. మాట బయటికొచ్చేసింది. అత్త గుండె మీద చెయ్యేసుకుని "పావం" అంది.

తర్వాతి వారం ఆ అమ్మాయి కనబడలేదు. ఆమె కొట్టులో పాటలు పాడే కొత్త పిల్ల కూర్చుంది. హీరో ఆ పాత అమ్మాయి ఏమైందని ఒక్కసారి కూడా అడగలేదు. అత్త మాత్రం ప్రతి వారం అడిగేది, "గది తెరిచినాడా?" అని. ఇంకా వెతుకుతున్నాడని చెప్పేదాన్ని. ఆమె సోమవారం ఆ మాటే ఫ్యాక్టరీకి మోసుకుపోయేది. ఆడవాళ్ళు ఆ గది ఎక్కడుందోనని వాదించుకునేవాళ్ళట. నాకు భయమేసేది.

అంతలో పెద్దత్త పురిటికి సాయంగా అత్త విరుదునగరం వెళ్ళింది. అక్కడ పక్కింట్లో ఉత్తరాది నుంచి వచ్చిన వ్యాపారుల కుటుంబం. ఆ ఇంటి కోడలికి హిందీ, తమిళం రెండూ వచ్చు. నెల తర్వాత తిరిగొచ్చిన అత్త ఆదివారం టీవీ పెట్టే వేళకి బకెట్ తీసుకుని కొళాయికి పోయింది. నేను వెనకే వెళ్ళాను.

"ఏంటికి అబద్దం చెప్తివి?"

"నీకు బాధ అవుతాదని."

అత్త కొళాయి కట్టేసింది. "నువ్వు చెప్పినందుకు నాకు కోపం లేదు. ఆ పిల్ల నగలకి ఆశపడిందంట. ఒగ నాడన్నా అద్దం చూసుకునె పిల్లనా అది? పనిలో తల ఎత్తేదానికే నేరం లేదు దానికి." నేరం అంటే మా ఇళ్ళలో తీరిక. "వాళ్ళకి ఆ పిల్ల ఎట్లాంటిదో తెలీదు. మనకి తెలుసు."

"ఫ్యాక్టరీలో ఏం చెప్పినావు?"

"నిన్న గది తెరిపించినాను. వాడొచ్చి తెరవలా. ఆ పిల్లే చేతిలో ఉండే చిన్న కమ్మితో తాళం తెరుచుకుని బయటికి వచ్చినాది. అంతా సంతోషపడినారు."

ఆ తర్వాత మా ఇంట్లో ఆ సీరియల్ ఎవరూ చూడలేదు.

చాలా ఏళ్ళకి, రెండువేల సంవత్సరం దాటాక, ఉద్యోగం నన్ను విరుదునగరం చేర్చింది. బస్టాండు దగ్గర కొట్టులో ఆ సీరియల్ సీడీలు కనిపిస్తే కొన్నాను. హిందీ అప్పటికి బాగానే వచ్చు. ఆ అమ్మాయి అలా మారడానికి చిన్నప్పుడు అర్థంకాని కారణం ఏదో దొరుకుతుందని చూశాను. దొరకలేదు. మొదటి భాగాల్లో ఆమె నా జ్ఞాపకంలో కన్నా బాగుంది, అదే ఎక్కువ బాధ పెట్టింది. అంత మంచి మనిషిని తయారుచేసి, పాటల పిల్లకి చోటు కావాలని ఒక్క మధ్యాహ్నంలో దొంగని చేశారు.

ఆ రాత్రే అత్తకి ఫోన్ చేశాను. పెళ్ళయ్యి ఎట్టయాపురంలో ఉండేది. మళ్ళీ చూశానని చెప్పాను.

"ఎంతవరకు చూస్తివి?"

"నగల పెట్టె దాకా."

"అంతకు ముందరిది ఇంకొకసారి చూడు. అది చాలు" అని, భోజనం అయిందా అని అడిగింది.