మాస్టారిని తిప్పుతానన్న దారి

మాస్టారు పోయారన్న కబురు నాకు కూరల బజారులో ఆనపకాయ బేరమాడుతుండగా వచ్చింది. ఫోన్ చేసింది ఆయన పక్కింటాయన. తెల్లారగట్ల నిద్దర్లోనే ఎల్లిపోనారమ్మా అన్నాడు. నేను సరే అన్నాను. ఆ కబురుకి సరే అని ఎవరైనా అంటారా? కాయ సంచిలో వేసుకుని నాలుగడుగులు నడిచి, ఓ కొట్టు మెట్టు మీద కూర్చుండిపోయాను. ముందు గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు, ఆదివారం. వచ్చే ఆదివారం తప్పకుండా వస్తానని చెప్పి ఉన్నాను. అలా చెప్పడం అదేం మొదటిసారీ కాదు.

ఆయన విజయనగరంలో మాకు హైస్కూల్లో సోషల్ మాస్టారు. ఆడపిల్లకి సైకిలేమిటని మా నాన్న మొండికేస్తే, సాయంత్రం మా ఇంటికొచ్చి, టీ కూడా తాగకుండా గంటసేపు కూర్చుని ఒప్పించిన మనిషి. నాన్నతో ఏం మాట్లాడారో నాకు ఇప్పటికీ తెలీదు. మర్నాటి నుంచి నేను బడికి సైకిలు మీదే వెళ్ళాను.

నిరుడు మా సైకిలు బృందం, ఆదివారాలు తొక్కే ఓ పదిమందిమి, పాత ఊరు చూపించే దారి ఒకటి తయారు చేద్దామనుకున్నాం. కొంత సైకిలు మీద, కొంత నడిచి. గంటస్తంభం దగ్గర మొదలెట్టి మూడు లాంతర్ల కూడలి, పాత వీధులు, కోట చుట్టూ తిరిగి మళ్ళీ గంటస్తంభానికే రావాలి. మేపు గీసే పని నాది. కంప్యూటర్లో గీసి, రంగులద్ది, మాస్టారికి చూపించడానికి పట్టుకెళ్ళాను. నిజం చెప్పొద్దూ, భుజం తట్టించుకోవడానికే వెళ్ళాను.

కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశారు. ఇది ఏ వేళప్పుడు తిరగడానికని అడిగారు. ఎప్పుడైనా తిరగొచ్చు కదండీ అన్నాను.

"మేపుకి ఎండ తగల్దమ్మా. మనిసికి తగుల్తాది."

అంతే, మర్నాటి నుంచి మా ఇద్దరికీ అదే పని. ఆయనకి డెబ్బై దాటాయి, మోకాళ్ళు సరిగా లేవు. సైకిలెక్కడం మానేసి రెండేళ్ళయినా దాన్ని ఊతకర్రలాగా పక్కన నడిపించుకుంటూ వచ్చేవారు. రోజుకో వీధి, ఒక్కోరోజు సగం వీధే. నీడ ఎటు పడుతోందో, మంచినీళ్ళు ఎవరింట అడగొచ్చో, ఏ మలుపులో ఆటోలు మీదికొస్తాయో అన్నీ చూసేవారు. చేతిలో ఎర్ర పెన్సిలు. ఎర్రగీత పడిందంటే అక్కడ సైకిలు దిగి నడవాలని లెక్క.

కోట వెనక ఓ సన్నటి సందుంది. అడ్డదారి కదా అని నేను దాన్ని సైకిలుకి రాసేశాను. ఆయన నన్ను ఆ సందులో నిలబెట్టారు. ఇళ్ళ ముందు మంచాలు వాల్చి ఆడవాళ్ళు వడియాలు పెడుతున్నారు. ఒకావిడ పిండి చేత్తోనే మా ఇద్దరికీ స్టూళ్ళు లాగి, ఎందుకు నిలబడ్డారని ఆరా తీసింది. తిరిగొస్తూ అన్నారాయన: "ఈ సందు ఆళ్ళ పెరడమ్మా. ఒకరి పెరట్లోకి సైకిలు తొక్కుకుంటూ ఎల్తామా?" అక్కడ ఎర్రగీత. వయొలిన్ పాఠాలు చెప్పే ఇంటి ముందు మరోటి, పక్కన చిన్న అక్షరాల్తో 'బెల్లు కొట్టరాదు' అని.

ఇన్నిచోట్ల దిగాలంటే ఇంక సైకిలెందుకండీ అని ఓరోజు గట్టిగానే దెబ్బలాడాను. ఆయన కోపం వింతగా ఉండేది. మాట్లాడ్డం మానేసి కళ్ళజోడు తుడుచుకునేవారు. ఆ రోజు తుడిచి తుడిచి, ఒక గీత చెరిపేశారు. మర్నాడు చూస్తే మళ్ళీ అక్కడే గీసి ఉంది.

వానలు మొదలయ్యేసరికి మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి. ముక్కలు ముక్కలుగా అన్నీ నడిచారు గానీ, ఆ దారంతా ఒక్కసారిగా ఆయన తిరగలేదు. అడగక అడగక నన్ను అదొక్కటే అడిగారు.

"ఒక్కపాలి మొత్తం తిప్పీయమ్మా. నువ్వు తొక్కు, నేను ఎనకాల కూసుంటాను. ఎర్రగీతల కాడ దిగుతాన్లే."

అదెంతపనండీ, ఈ ఆదివారమే అన్నాను.

ఆ ఆదివారం చుట్టాలొచ్చారు. తర్వాత ఆదివారం వాన. ఇవన్నీ సాకులే. అసలు సంగతి, అచ్చయిన మేపు ఆయన చేతిలో పెట్టి, దర్జాగా తిప్పాలని నా సరదా. ఫైలు పేరు చివర 'ఫైనల్' అని ఐదుసార్లు పెట్టాను. ఆకుపచ్చ బాగులేదని మార్చాను, మళ్ళీ అదే పెట్టాను. ఆయన శనివారాలు ఫోన్ చేసి, రేపు ఎండ ఎలాగుంటాది అని అడిగేవారు. నేను బుద్ధిగా వాతావరణం చెప్పేదాన్ని. నాకెంత తెలివి తక్కువో చూశారా! ఆయన ఇంట్లో కిటికీ లేదా, ఎండ సంగతి నన్నే అడగాలా?

పన్నెండోరోజు కార్యానికి వెళ్ళి వచ్చాక మరో రెండు రోజులకి మేపులు అచ్చయి వచ్చాయి. ఒకటి పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మగారు, అంటే మాస్టారి భార్య, దాన్ని ఒళ్ళో పరుచుకుని, ఎర్రగీతల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూశారు. ఆవిడ ఏడవలేదు. నేనే ఏడుస్తూ, తప్పయిపోయిందండీ, తీసుకెళ్ళలేకపోయాను అన్నాను.

ఆవిడ మేపు మడతపెట్టి ఒళ్ళోనే ఉంచుకుని చెప్పారు. "పెతీ ఆదివారం తెల్లారకముందే నీల్లోసుకుని, ఉతికిన సొక్కా ఏసుకుని కూసునీవోరు. ఎండెక్కినాక ఇప్పేసి కొక్కేనికి తగిలించీసీవోరు. నీతో సెప్పొద్దన్నారు. పిల్ల నొచ్చుకుంటాది అన్నారు."

ఇంక అక్కడ కూర్చోలేకపోయాను. చెప్పులేసుకుని బయటికొస్తే మెట్ల కింద ఆయన సైకిలు కనిపించింది. వెనక క్యారియరు మీద పాత దుప్పటి నాలుగు మడతలు వేసి, కదలకుండా తాడుతో కట్టి ఉంది. కూర్చుంటే ఎముకలు నొప్పెడతాయని ఆయనే కట్టుకున్నారట, గుమ్మం దాకా వచ్చిన అమ్మగారు చెప్పారు. ప్రతి శనివారం సాయంత్రం పక్కింటాయన చేత గాలి కూడా కొట్టించేవారట.

వంగి టైర్లు నొక్కి చూశాను. రెండూ గట్టిగా ఉన్నాయి.